చన్నీటి డైవింగ్‌కు ఏ సిలిండరు: అల్యూమినియమా, ఉక్కా?

స్కూబా సిలిండర్లలో దాదాపు అన్నీ రెండు లోహాల్లో ఏదో ఒకదానితో తయారవుతాయి. ఒకటి 6061 రకం అల్యూమినియం మిశ్రమం, రెండోది క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. అండమాన్, మాల్దీవులు, విశాఖ రుషికొండ వంటి వెచ్చని తీరాల్లో డైవరు వీపున ఎక్కేది సాధారణంగా 'అల్యూమినియం 80'. పలచని 3 మి.మీ. వెట్ సూట్ తొడుక్కుని 28 డిగ్రీల నీళ్లలో దిగేవాళ్లకు ఈ లోహం గొడవ పెద్దగా పట్టదు. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోయే చోట మాత్రం అదే పెద్ద ప్రశ్న అవుతుంది. స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో, సియాటిల్ ముంగిట ఉన్న ప్యూజెట్ సౌండ్, ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్, ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా పగులు అలాంటి చోట్లు. అక్కడి డైవర్లు ఎక్కువగా ఉక్కు వైపే మొగ్గుతారు. ఆ మొగ్గుకు కారణం బలమో మన్నికో అని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణం సీసం. ఉక్కు సిలిండరు వల్ల నడుముకు కట్టే సీసం తగ్గుతుంది. మిగతా తేడాలన్నీ దాని తర్వాతివే.

అల్యూమినియం తేలిక లోహం కాబట్టి ఆ సిలిండరు కూడా తేలిగ్గా ఉంటుందనుకోవడం సహజం. తూకం వేస్తే లెక్క తప్పుతుంది. అల్యూమినియం 80 ఖాళీగా సుమారు 14.2 కిలోలు తూగుతుంది. ఐరోపాలో ఎక్కువగా వాడే 12 లీటర్ల, 232 బార్ ఉక్కు సిలిండరూ తయారీని బట్టి 14, 15 కిలోల మధ్యనే ఉంటుంది. అల్యూమినియానికి ఉక్కంత బలం లేదు. 207 బార్ పీడనాన్ని ఆపాలంటే దాని గోడ అర అంగుళానికి దగ్గరగా ఉండాలి. ఉక్కుకు నాలుగైదు మిల్లీమీటర్లు చాలు. లోహం తేలికే, కానీ దాన్ని ఎక్కువగా పోయాల్సి వస్తుంది. ఆ మందం వల్ల సిలిండరు బయటి కొలత పెరుగుతుంది. నీళ్లలో దిగాక తేడా అంతా ఇక్కడే పుడుతుంది.

ఆర్కిమెడీస్ సూత్రంతో లెక్క వేసి చూడవచ్చు. అల్యూమినియం సాంద్రత లీటరుకు 2.7 కిలోలు. 14.2 కిలోల లోహం సుమారు 5.3 లీటర్ల చోటు తీసుకుంటుంది. లోపలి ఖాళీ 11.1 లీటర్లు. మొత్తం 16.4 లీటర్లు. అంత సముద్రపు నీరు 16.8 కిలోలు తూగుతుంది. వాల్వుతో కలిపి సిలిండరు 15 కిలోలు. అంటే లోపల గాలి లేనప్పుడు అది దాదాపు 2 కిలోల శక్తితో పైకి లేస్తుంది. ఇక ఉక్కు సంగతి. దాని సాంద్రత 7.85. 14.5 కిలోల ఉక్కు 1.85 లీటర్లలో ఇమిడిపోతుంది. లోపలి 12 లీటర్లు కలిపితే 13.85. అది పక్కకు నెట్టే నీటి బరువు 14.2 కిలోలు. వాల్వుతో సిలిండరు 15.3. కాబట్టి ఖాళీ ఉక్కు సిలిండరు కిలో పైచిలుకు బరువుతో మునుగుతుంది. నేల మీద ఒకేలా తూగే ఈ రెండింటికీ నీళ్లలో మూడు కిలోల తేడా వచ్చింది.

గాలికీ బరువుంది. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు. అల్యూమినియం 80లో నిండుగా పట్టే గాలి 2.6 కిలోలకు పైనే ఉంటుంది. 232 బార్ ఉక్కు సిలిండరులో అది మూడు కిలోలు దాటుతుంది. డైవ్ సాగేకొద్దీ డైవరు పీల్చి వదిలే గాలితో పాటు ఈ బరువూ పోతుంది. ఇది రెండు లోహాలకూ వర్తిస్తుంది. ఉక్కు సిలిండరు డైవ్ పొడుగునా బరువు మారదని ఒక అపోహ ఉంది. గాలి పోయినప్పుడు ఉక్కూ తేలికవుతుంది. మొదట ఎక్కువ బరువుతో మొదలవడం వల్ల చివరికి కూడా మునిగేవైపే ఉండిపోతుంది, అంతే. అల్యూమినియం మాత్రం మునిగే స్థితిలో మొదలై మధ్యలో ఎక్కడో గీత దాటి తేలే స్థితికి వస్తుంది. డైవరు చివర్లో 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. సరిగ్గా ఆ వేళకు సిలిండరు అడుగు భాగం పైకి లేచి పిరుదుల మీద నుంచి లాగుతూ ఉంటుంది. సీసం లెక్క ఎప్పుడూ ఈ చివరి స్థితికే వేసుకోవాలి. సిలిండరులో 50 బార్ మిగిలి, తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్‌ను ఖాళీ చేసి, 5 మీటర్ల దగ్గర కదలకుండా ఆగగలిగితే సీసం సరిపోయినట్టు.

ఈ మూడు కిలోలు వెచ్చని నీళ్లలో ఎవరికీ భారం కాదు. పలచని సూట్‌లో నాలుగైదు కిలోల సీసం కట్టుకునే మనిషి ఇంకో మూడు కిలోలు కట్టుకుంటాడు. చన్నీటిలో పరిస్థితి వేరు. నీళ్లు లోపలికి రానివ్వని డ్రై సూట్ లోపల మందపాటి ఊలు లేదా సింథటిక్ లోదుస్తులు ఉంటాయి. వాటి పోగుల మధ్య నిలిచే గాలే ఒంటికి వెచ్చదనం. ఆ గాలే మనిషిని పైకి లేపుతుంది కూడా. దాన్ని ముంచడానికి పది కిలోల సీసం తక్కువ. పన్నెండు, పదిహేను కట్టుకునేవాళ్లూ ఉంటారు. వెచ్చదనానికి ఎంత గాలి కావాలో, ముంచడానికి అంత సీసం కావాలి. ఈ బేరంలో సీసాన్ని తగ్గించే మార్గం ఏది దొరికినా డైవర్లు వదులుకోరు. పన్నెండు కిలోల చోట తొమ్మిది కిలోలతో పని జరిగితే పడవ మెట్లెక్కేటప్పుడు నడుముకు ఆ తేడా తెలుస్తుంది. అల్యూమినియం వాడే డైవరు ఒడ్డున మోసే మొత్తం బరువు ఉక్కు వాడే డైవరు కంటే ఎక్కువ అవుతుంది. తేలిక లోహాన్ని ఎంచుకున్నందుకు దక్కే ఫలితం ఇది.

సీసం ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నదీ చూడాలి. బెల్టులో ఉన్న సీసాన్ని అవసరమైతే బకిల్ లాగి వదిలేయవచ్చు. సిలిండరులో కలిసిపోయిన బరువును వదలడం కుదరదు. అందుకని మొత్తం సీసం తీసేసి అంతా ఉక్కు మీదే ఆధారపడడం తెలివైన పని అనిపించుకోదు. ఆపదలో వదిలేందుకు కొంత సీసం విడిగా ఉండాలి. డ్రై సూట్ వేసుకున్న డైవరు సింగిల్ ఉక్కు సిలిండరు తగిలించుకున్నా సాధారణంగా ఆరేడు కిలోల సీసం ఇంకా కట్టుకోవాల్సే ఉంటుంది కాబట్టి ఈ చిక్కు అంతగా రాదు. పైగా ఉక్కుతో నడుము దగ్గర పోగయ్యే బరువు కొంత వెన్ను పొడుగునా పరుచుకుంటుంది. దాంతో శరీరం నీళ్లలో అడ్డంగా నిలవడం తేలికవుతుంది. డ్రై సూట్‌లో గాలి పాదాల వైపు పాకే అలవాటుంది. తేలే అల్యూమినియం అడుగు దానికి తోడైతే కొత్త డైవరు కాళ్లు పైకి, తల కిందికి అయిపోతాయి. ఉక్కు అడుగు ఆ కాళ్లను కొంత కిందికి పట్టి ఉంచుతుంది.

చన్నీటిలో అందరూ డ్రై సూట్ వేయరు. కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో నీరు 10 నుంచి 13 డిగ్రీల మధ్య తిరుగుతుంది. అక్కడ 7 మి.మీ. వెట్ సూట్‌తో దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉక్కు మీద ఉన్న మోజును కాస్త అదుపులో పెట్టుకోవాల్సింది ఇక్కడే. వెట్ సూట్ చేసే నియోప్రీన్ నిండా సన్నని గాలి బుడగలుంటాయి. 30 మీటర్ల లోతున పీడనం నాలుగు రెట్లవుతుంది. బుడగలు నలిగిపోయి సూట్ తన తేలే శక్తిలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. పైన ఎనిమిది కిలోలు లేపిన సూట్ కింద మూడు కిలోలు లేపినా గొప్పే. ఆ సమయంలో వీపున నిండు ఉక్కు సిలిండరు నాలుగు కిలోలకు పైగా కిందికి లాగుతూ ఉంటుంది. జాకెట్ గాలి సంచి చిరిగితే ఈ లోటును పూడ్చేది ఏదీ లేదు. వదిలే సీసం కూడా తక్కువే ఉంటుంది, ఎందుకంటే ఉక్కు వాడేదే సీసం తగ్గించడానికి. రెండు ఉక్కు సిలిండర్లను జంటగా కట్టి వెట్ సూట్‌తో లోతుకు దిగడం అనుభవజ్ఞులు వద్దనే పని. డ్రై సూట్ ఉంటే సంచి చిరిగినా సూట్‌లోకి గాలి ఎక్కించి పైకి రావచ్చు. అదొక రెండో సంచి. కాబట్టి ఉక్కుకు అసలు జోడీ డ్రై సూట్. మందపాటి వెట్ సూట్‌తో లోతుకు పోయేవాళ్లకు అల్యూమినియం, దానికి తోడు వదిలేయగల సీసం ఇప్పటికీ సబబైన ఏర్పాటే.

గాలి పరిమాణంలోనూ తేడా ఉంది. అల్యూమినియం 80 పేరులో 80 ఉన్నా అందులో పట్టేది 77.4 ఘనపుటడుగులు. అంటే 2,190 లీటర్ల చిల్లర. 12 లీటర్ల ఉక్కు సిలిండరు 232 బార్ దగ్గర సుమారు 2,700 లీటర్లు ఇస్తుంది, పొడుగులో అల్యూమినియం కంటే పొట్టిగా ఉంటూనే. అమెరికాలో దీనికి దగ్గర సరుకు 3,442 పీఎస్ఐ పీడనానికి నింపే 'హెచ్‌పీ 100'. చలికి వణికే మనిషి ఎక్కువ గాలి పీలుస్తాడు. సూట్‌లోకి నింపే గాలీ తరచుగా అదే సిలిండరు నుంచి పోతుంది. ఆ అదనపు అయిదు వందల లీటర్లకు ఇక్కడ విలువ ఎక్కువ.

చన్నీరు గాలిని ఇంకో దారిలోనూ తగ్గిస్తుంది. ఇది లోహాన్ని బట్టి మారదు గానీ, కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. కంప్రెసర్ దగ్గర హడావిడిగా నింపిన సిలిండరు చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. 45 డిగ్రీల దగ్గర 207 బార్ చూపించిందనుకుందాం. దాన్ని 4 డిగ్రీల నీళ్లలోకి దించితే ముల్లు 180కి వస్తుంది. పరమ ఉష్ణోగ్రత లెక్కలో 318 నుంచి 277కి పడిపోవడమే దీనికి కారణం. ఎక్కడా లీకు లేకుండానే 27 బార్ మాయమైనట్టు కనిపిస్తుంది. 11.1 లీటర్ల సిలిండరులో అది 300 లీటర్లు. 20 మీటర్ల లోతున నిమిషానికి 60 లీటర్లు వాడేవాడికి అది అయిదు నిమిషాల గాలి. నెమ్మదిగా నింపి, చల్లారాక మళ్లీ పైకి నింపించుకోవడమే దీనికి మందు. డైవ్ ప్రణాళికను నీళ్లలో దిగాక గేజి చూపిన అంకెతో వేసుకోవాలి, దుకాణంలో చూసిన అంకెతో కాదు.

సిలిండరు గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే రెగ్యులేటర్ గడ్డకట్టడం చన్నీటి డైవింగ్‌కు అసలు ప్రమాదం. సిలిండరు లోహానికి ఇందులో పాత్ర చాలా తక్కువ. అధిక పీడనం నుంచి ఒక్కసారిగా తక్కువ పీడనానికి వచ్చే గాలి పదుల డిగ్రీలు చల్లబడుతుంది. నీరే 4 డిగ్రీల దగ్గర ఉంటే రెగ్యులేటర్‌లో సిలిండరుకు బిగించే భాగమైన మొదటి దశ చుట్టూ మంచు పేరుకుంటుంది. వాల్వు తెరుచుకున్న స్థితిలో బిగుసుకుపోయి గాలి ధారగా కారిపోతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్న నీటిని చన్నీరుగా లెక్కిస్తారు. అలాంటి చోట వాడే రెగ్యులేటర్లను 4 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. సిలిండరు ఎంపికలో దీనికి సంబంధించిన అంశాలు రెండే. మొదటిది పీడనం. ఎంత ఎక్కువ పీడనం నుంచి గాలి దిగితే అంత ఎక్కువ చల్లబడుతుంది కాబట్టి, 300 బార్ ఉక్కు సిలిండర్లను మంచు కింద డైవ్ చేసేవాళ్లు అంతగా ఇష్టపడరు. పైగా 300 బార్ దగ్గర గాలి ఆదర్శ వాయువులా నడుచుకోదు. లెక్కకు రావలసిన దాని కంటే పదో వంతు తక్కువే పడుతుంది. రెండోది వాల్వు. ఒకే సిలిండరుకు రెండు నోళ్లున్న హెచ్ లేదా వై ఆకారపు వాల్వు పెట్టి రెండు రెగ్యులేటర్లు తగిలిస్తే, ఒకటి గడ్డకట్టినప్పుడు దాని నోరు మూసి రెండోదాంతో ఊపిరి తీసుకోవచ్చు. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల వరకూ ఉండే అంటార్కిటికాలో అమెరికా శాస్త్రవేత్తలు మంచు కింద డైవ్ చేసేది ఇలాంటి రెండు నోళ్ల ఏర్పాటుతోనే.

మన్నిక విషయంలో రెండు లోహాలకూ వేర్వేరు శత్రువులు. ఉక్కుకు తేమ పడదు. కంప్రెసర్ ఫిల్టరు సరిగా పనిచేయకపోయినా, నింపేటప్పుడు వాల్వు నోట్లో ఉన్న నాలుగు చుక్కలు లోపలికి పోయినా తుప్పు మొదలవుతుంది. అవి ఉప్పునీటి చుక్కలైతే తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినడం. లోపల తడి ఉన్న ఉక్కు సిలిండరును గాలితో నింపి నెలల తరబడి మూల పడేస్తే, అందులో ఊపిరికి చాలినంత ఆక్సిజన్ మిగలకపోవచ్చు. పీల్చేవాడికి ముందస్తు హెచ్చరిక ఏదీ ఉండదు. చన్నీటి డైవరుకు పొడి గాలి రెండు విధాల అవసరం: తేమ ఉంటే సిలిండరు లోపల తుప్పు, రెగ్యులేటర్‌లో మంచు. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర తనకు తానే కాపలా కాస్తుంది. లోపల నీళ్లు పడ్డా ఉక్కంత త్వరగా చెడదు. దాని చిక్కు మరో చోట ఉంది. ఇత్తడి వాల్వు, అల్యూమినియం మెడ ఉప్పునీటిలో కలిసి చిన్నపాటి బ్యాటరీలా పనిచేస్తాయి. మరలు బిగుసుకుపోతాయి. ఏటా వాల్వు విప్పి శుభ్రం చేసి తగిన గ్రీజు రాస్తే ఆ బెడద ఉండదు. ఉక్కు సిలిండరు అడుగు గుండ్రంగా ఉండడం వల్ల దానికి రబ్బరు లేదా ప్లాస్టిక్ బూటు కావాలి. ఆ బూటు లోపల నిలిచిన ఉప్పునీరు పైపూతను తినేస్తుంది. బూటు తీసి మంచినీళ్లతో కడగని సిలిండరు బయటికి మెరుస్తూనే అడుగున గుంతలు పడుతుంది. జింకు పూత ఉన్న ఉక్కు సిలిండర్లు ఈ విషయంలో ఉత్తి రంగు వేసినవాటి కంటే చాలా నయం. అల్యూమినియం అడుగు చదునుగా ఉంటుంది, బూటు లేకుండానే నిలబడుతుంది.

సరిగా చూసుకున్న ఉక్కు సిలిండర్లు 1960లలో చేసినవి కూడా పరీక్ష నెగ్గి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 1943లో కుస్తో, గాన్యాన్ ఆక్వాలంగ్ అనే డైవింగ్ పరికరాన్ని రూపొందించిన నాటి నుంచి చాలాకాలం డైవర్లది ఉక్కు యుగమే. అమెరికా మార్కెట్లోకి అల్యూమినియం 1970ల ఆరంభంలో వచ్చి, తక్కువ ధరతో అద్దె వ్యాపారాన్ని పట్టేసింది. ఆ తొలితరం సిలిండర్లలో చాలావాటికి 6351 అనే మిశ్రమం వాడారు. నిరంతర పీడనం కింద వాటిలో కొన్నింటికి మెడ భాగంలో పగుళ్లు వచ్చాయి. కొన్ని నింపేటప్పుడు పేలి మనుషుల ప్రాణాలు తీశాయి. సిలిండర్లు తయారుచేసే లక్స్‌ఫర్ కంపెనీ 1988లో 6061కు మారింది. అమెరికా రవాణా శాఖ పాత మిశ్రమం సిలిండర్లకు మెడలోని పగుళ్లను పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్షను తప్పనిసరి చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని 1990కి ముందు నాటి అల్యూమినియం సిలిండరు కొనకపోవడం మంచిది. చాలా దుకాణాలు వాటిని నింపనే నింపవు.

కొనే ముందు సిలిండరు భుజం చదవాలి. అక్కడ గుద్దిన అక్షరాల్లో దాని జాతకమంతా ఉంటుంది. అమెరికా సిలిండరు మీద 'డాట్-3ఏఎల్ 3000' అని ఉంటే 3,000 పీఎస్ఐ అల్యూమినియం. '3ఏఏ' అంటే ఉక్కు. పక్కన తయారీ సంఖ్య, ఆ తర్వాత మొదటి హైడ్రో పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఉంటాయి. ఆ వరసలో అయిదేళ్లకొకటి చొప్పున కొత్త తేదీలు చేరుతూ పోవాలి. హైడ్రో పరీక్షలో అల్యూమినియం 80ని నీళ్లతో నింపి 5,000 పీఎస్ఐ దాకా ఒత్తుతారు. ఒత్తిడి తీశాక, మొత్తం సాగిన దానిలో పదో వంతుకు మించి సాగుదల నిలిచిపోతే సిలిండరు పనికిరానట్టే. బ్రిటన్‌లో హైడ్రో అయిదేళ్లకే అయినా మధ్యలో రెండున్నరేళ్లకోసారి లోపలి తనిఖీ చేయించాలి. భారతదేశంలో అధిక పీడన సిలిండర్లన్నీ 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద, నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) పరిధిలోకి వస్తాయి. విదేశంలో ముచ్చటపడి కొన్న సిలిండరును వెంట తెచ్చుకోవడానికి అనుమతులు కావాలి. ఆ ఖర్చు, తిప్పలు చూస్తే వెళ్లిన చోట అద్దెకు తీసుకోవడమే మేలు.

రెండు లోహాలనూ కలిపి వాడే చోటు కూడా ఉంది. స్కాపా ఫ్లోలో 1919 జూన్ 21న జర్మన్ నౌకాదళం తన ఓడలను తానే ముంచేసుకుంది. వాటిలో మిగిలిన మూడు పెద్ద యుద్ధనౌకలు సుమారు నలభై మీటర్ల లోతున ఉన్నాయి. అక్కడికి దిగే డైవర్లు వీపున జంట ఉక్కు సిలిండర్లు కట్టుకుంటారు. పైకి వచ్చేటప్పుడు ఆగాల్సిన చోట్ల పీల్చే ఆక్సిజన్ ఎక్కువ పాళ్లున్న గ్యాసును పక్కన వేలాడే చిన్న అల్యూమినియం సిలిండరులో పట్టుకుపోతారు. పక్కన వేలాడేది నీళ్లలో ఇటు మునగక, అటు తేలక ఉండాలి. దాన్ని విప్పి తోడు డైవరుకు అందించాల్సి రావచ్చు. ఒక పక్కకు లాగే ఉక్కు సిలిండరు అక్కడ ఇబ్బంది పెడుతుంది. వెన్నుకు ఉక్కు, పక్కకు అల్యూమినియం అన్నది చన్నీటి టెక్నికల్ డైవర్లలో స్థిరపడిన పద్ధతి.

అద్దె సిలిండర్లతో గడిపేవాళ్లకు ఎంపిక తమ చేతిలో ఉండదు. అండమాన్‌లో అల్యూమినియంతో కోర్సు చేసి, ఉద్యోగరీత్యా సియాటిల్ చేరిన తెలుగువాళ్లు ప్యూజెట్ సౌండ్‌లో మొదటిసారి డ్రై సూట్‌తో దిగేటప్పుడు పాత సీసం లెక్కను పూర్తిగా పక్కన పెట్టాలి. సూట్ మారింది, సిలిండరూ మారి ఉండవచ్చు. అల్యూమినియం 80 బదులు హెచ్‌పీ 100 ఇస్తే మూడు కిలోల దాకా సీసం తీసేయవచ్చు. ఉక్కు బదులు అల్యూమినియం ఇస్తే అంతే చేర్చాలి. సిల్ఫ్రాలో నీరు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలు, పైగా అది మంచినీరు. సముద్రంలో సరిపోయిన బరువు అక్కడ రెండు, మూడు కిలోలు ఎక్కువవుతుంది. కొత్త సిలిండరుతో మొదటి డైవ్ లోతు లేని చోట చేసి, చివర్లో ముల్లు 50 బార్ దగ్గర ఉన్నప్పుడు 5 మీటర్ల దగ్గర ఆగి చూడాలి. పైకి తేలిపోతుంటే రెండో డైవ్‌కు ఒక కిలో చేర్చాలి, కిందికి జారిపోతుంటే ఒక కిలో తీసేయాలి.